అరిసెలు ఎలా చేయాలి? అసలు పనంతా పాకం దగ్గరే

అరిసెలు నూనెలో విడిపోయినా, మర్నాటికి గట్టిపడినా బియ్యాన్ని తిడతారు, బెల్లాన్ని తిడతారు. చాలావరకు తప్పు పాకానిది. ఆ తప్పుకు మొదటి కారణం ఒక్కరే చేద్దామని కూర్చోవడం. అరిసెలు ఒంటిచేతి వంట కాదు. పాకంలో ఒకరు పిండి పోస్తుంటే ఇంకొకరు తిప్పాలి. తర్వాత ఒకరు తట్టి ఇస్తుంటే ఇంకొకరు మూకుడు దగ్గర ఉండాలి. సంక్రాంతికి ముందు వచ్చే ఆదివారం పెట్టుకుని, పక్కింటి పిన్నిగారినో వదిననో ముందే పిలుచుకోండి. వాళ్లింట్లో చేసే రోజు మీరు వెళ్లండి.

బియ్యం, పిండి

కిలో పచ్చి బియ్యానికి ముప్పావు కిలో బెల్లం, 100 గ్రాముల నెయ్యి, 50 గ్రాముల నువ్వులు, ఆరేడు యాలకులు, వేయించడానికి కిలో నూనె. రేషన్ బియ్యం లాంటి మామూలు రకమే మంచిది. ఉప్పుడు బియ్యం, బాస్మతి వద్దు. ఒక గ్లాసు బియ్యం అదనంగా నానబెట్టండి. ఏ పాకం ఎంత పిండి లాగుతుందో ముందే ఎవరూ చెప్పలేరు. పిండి మిగిలితే దోసెల్లోకి పోతుంది, చాలకపోతే మాత్రం దారి ఉండదు.

శనివారం పొద్దున నానబోసి, మధ్యలో మూడుసార్లు నీళ్లు మార్చండి. ఆదివారం పొద్దున వడగట్టి, పొడి బట్ట మీద పావుగంట ఆరబెడితే చాలు. గింజ చేతికి చెమ్మగా తగలాలి. తడిపిండి పట్టే మరలో పట్టించి జల్లించండి. మర దొరకని ఊళ్లో, విదేశాల్లో ఉన్నవాళ్లు మిక్సీలో గుప్పెడు గుప్పెడు వేసి, సన్నటి జల్లెడతో రెండుసార్లు జల్లించుకోవచ్చు. ప్యాకెట్ పొడిపిండి మాత్రం వాడొద్దు. అది పాకంలోని తడినంతా పీల్చేసి అరిసెను రాయి చేస్తుంది. జల్లించిన పిండిని గిన్నెలో అదిమి, తడిబట్ట కప్పి ఉంచండి.

పాకం

బెల్లం కొనేముందు చిన్న ముక్క నోట్లో వేసుకోండి. ఉప్పగా తగిలితే ఆ దిమ్మ వద్దు, పాకం సరిగా కుదరదు. తెల్లగా మెరిసే బెల్లం కన్నా ముదురు రంగుదే అరిసెకు రుచి. రంగు కోసం సగం పంచదార కలిపేవాళ్లున్నారు. అలా చేస్తే కరకరలాడతాయి, మెత్తదనం పోతుంది. మెత్తగా లేనిది అరిసె ఎలా అవుతుంది?

తరిగిన బెల్లంలో ఒక గ్లాసు నీళ్లు పోసి కరిగించి, వడగట్టండి. ఇసుక, చెరకు పీచు ఏమున్నా ఇక్కడే పోవాలి. దాన్ని మందపాటి గిన్నెలో మళ్లీ మధ్యస్థ మంట మీద పెట్టండి. అప్పటికే పిండి, నెయ్యి, నువ్వులు, యాలకుల పొడి, తెడ్డు పక్కనే సిద్ధంగా ఉండాలి. స్టీలు పళ్లెంలో చన్నీళ్లు కూడా. పాకం వచ్చాక నెయ్యి సీసా వెతుక్కుంటూ తిరిగితే అది మీ కోసం ఆగదు.

మొదట తెల్లటి నురగ పొంగుతుంది. అది అణిగి, బుడగలు పెద్దవై బరువుగా పగలడం మొదలయ్యాక గిన్నె దగ్గర్నుంచి కదలొద్దు. అర చెంచా పాకం చన్నీళ్లలో వేసి చూడండి. కరిగి పరుచుకుపోతే ఇంకా కాలేదు. తీగలా సాగినా కాలేదు. చాలామంది ఇక్కడే తొందరపడి దించేస్తారు. వేలితో దగ్గరికి లాగితే ముద్దగా రావాలి. ఆ ముద్దను పైకి తీస్తే చేతిలో నిలవాలి, రెండు వేళ్ల మధ్య నొక్కితే మెత్తగా అణగాలి. దాన్నే ఉండపాకం అంటారు. పళ్లేనికి కొడితే టంగుమని మోగిందా, ముదిరిపోయినట్టే.

చూసే ప్రతిసారీ మంట పూర్తిగా తగ్గించండి, కొత్త నీళ్లు పోయండి. వేడెక్కిన నీళ్లలో ముదురుపాకం కూడా లేతగా కనిపిస్తుంది. లేతపాకానికీ ఉండపాకానికీ మధ్య నిమిషం కూడా ఉండకపోవచ్చు. నీరు ఆవిరవుతున్న కొద్దీ చక్కెర చిక్కబడి వేడి పెరుగుతుంది. ఉండపాకం 115 డిగ్రీల సెల్సియస్ దగ్గర వస్తుంది. మంట ఆపినా మందపాటి గిన్నె వేడికి పాకం ఉడుకుతూనే ఉంటుంది. అందుకే ముద్ద ఇంకాస్త గట్టిపడితే బాగుండు అనిపించే దశలోనే పొయ్యి ఆపేయండి. ఆ మిగతా కాస్తా గిన్నె వేడే చూసుకుంటుంది. థర్మామీటర్ ఉన్నా పళ్లెంలో నీళ్లనే నమ్మండి. బెల్లం బెల్లానికీ తేడా ఉంటుంది, ఆ తేడా వేలికే తెలుస్తుంది.

గిన్నె కిందికి దించి, సగం నెయ్యి, నువ్వులు, యాలకుల పొడి వేయండి. ఇక ఒకరు గుప్పెడు గుప్పెడుగా పిండి చల్లుతుంటే, ఇంకొకరు ఆపకుండా అడుగు నుంచి తిప్పాలి. ఒకేసారి కుమ్మరిస్తే ఉండలు కడుతుంది, ఆ ఉండలు నూనెలో పగులుతాయి. తెడ్డు నుంచి ముద్ద బరువుగా, నెమ్మదిగా జారుతుండగానే పిండి ఆపేయండి. చూడటానికి పలచగానే ఉంటుంది, కంగారుపడొద్దు. చల్లారితే తానే బిగుస్తుంది. వేడిమీదే చపాతీ పిండిలా గట్టిగా కలిపినవాళ్ల అరిసెలే అంచులు పగిలి పొడిపొడిగా రాలిపోతాయి. పైన మిగిలిన నెయ్యి రాసి, బట్ట కప్పి, గంట ఆగండి.

వేయించడం

ముందు ఒకే ఒక్క అరిసె వేసి చూడండి. నూనెలో విడిపోతే పాకం లేతగా ఉన్నట్టు. గుప్పెడు తడిపిండి, అది అయిపోతే రెండు చెంచాల గోధుమపిండి కలిపి, సాయంత్రం దాకా వదిలేయండి. వేగినది గట్టిగా ఉంటే పాకం ముదిరినట్టు. వేడినీళ్లు చెంచాడు చెంచాడుగా చిలకరించి మర్దించండి. పాలు చిలకరించమంటారు గానీ అలా చేస్తే నిల్వ ఉండవు.

నిమ్మకాయంత ఉండను నెయ్యి రాసిన అరటాకు మీద తట్టండి. అంచు, మధ్య ఒకే మందం ఉండాలి. చిన్న ముక్క నూనెలో వేస్తే అడుగుకు వెళ్లి నెమ్మదిగా తేలాలి. వెంటనే తేలితే నూనె మరీ కాగినట్టే, పైన నల్లబడి లోపల పచ్చిగా ఉంటుంది. ఒక్కోసారి రెండుకు మించి వేయొద్దు. పొంగాక తిప్పి, గోధుమరంగు రాగానే తీసి, అరిసెల చెక్కల మధ్య పెట్టి నొక్కండి. చెక్కలు లేకపోతే రెండు చిల్లుల గరిటెలు చాలు. నూనె కారడం ఆగేదాకా నొక్కాలి గానీ, అరిసె చితికేలా కాదు.

పళ్లెంలో విడివిడిగా పరిచి పూర్తిగా ఆరాకే డబ్బాలో సర్దండి. వేడిమీద మూత పెడితే లోపల చెమ్మ పట్టి, నాలుగు రోజుల్లో బూజు వస్తుంది. సాయానికి వచ్చినవాళ్ల వాటా మాత్రం ఆరగానే కట్టిచ్చేయండి.

అడుగున మిగిలిన చలిమిడిలో సన్నగా తరిగిన పచ్చికొబ్బరి ముక్కలు కలిపి, చిన్న ఉండలు చేసి అదే నూనెలో వేయించండి. అవి పాకుండలు. అరిసెల్లా నిల్వ ఉండవు కాబట్టి రెండు మూడు రోజుల్లో తినేయాలి.