ప్రింటర్ కార్ట్రిడ్జ్‌లో (ఇంకు డబ్బీలో) ఇంకు నింపే ముందు జాగ్రత్తలు

రాయగడ, పర్లాకిమిడి వైపు ఎండాకాలంలో తీసి పెట్టిన కార్ట్రిడ్జ్ నాజిల్ (ఇంకు చిమ్మే సన్న రంధ్రాలు) త్వరగా ఎండిపోతుంది. ఇంకు, సిరంజిలు, టిష్యూ అన్నీ సిద్ధం చేసుకున్నాకే దాన్ని బయటికి తీయండి. ఫ్యాను ఆపేయండి.

☐ అక్షరాలు పలచబడగానే నింపండి. పూర్తిగా ఖాళీ అయ్యాక కూడా ప్రింట్లు తీస్తే, ఇంకును వేడిచేసే హెడ్ కాలిపోతుంది. ఆ తర్వాత ఎంత ఇంకు పోసినా దండగే.

☐ హెచ్‌పీ 803 లాంటి కార్ట్రిడ్జ్‌లలో నలుపు పిగ్మెంట్ ఇంకు (సన్నని రంగు పొడి కలిపింది), రంగులు డై ఇంకు (రంగు పూర్తిగా కరిగింది). సీసా మీద చూసి కొనండి. రెండూ కలిస్తే గడ్డకట్టి నాజిల్ మూసుకుపోవచ్చు.

☐ రంగుల కార్ట్రిడ్జ్‌లో ఇంకు నింపే ఏ రంధ్రం ఏ రంగుదో ఊహించొద్దు. ఒక్కో దాంట్లో కొత్త టూత్‌పిక్ గుచ్చి, కొసకు అంటిన రంగు చూడండి. రంగుకో సిరంజి తప్పనిసరి.

☐ నలుపుకు 4 మి.లీ., ఒక్కో రంగుకు 2 మి.లీ. దాటొద్దు. చుక్కచుక్కగా వదలండి; తోస్తే స్పాంజిలో గాలి బుడగలు చిక్కుకుని ప్రింటులో తెల్ల గీతలు పడతాయి. రంధ్రం దగ్గర ఇంకు మెరిసిందా, వెంటనే ఆపేయండి.

☐ కార్ట్రిడ్జ్ మీది బంగారు రంగు చుక్కలను (ప్రింటర్‌తో కరెంటు కలిపే చోట్లు) వేళ్లతో తాకొద్దు.

☐ పైన గాలి రంధ్రాలను టేపుతో బిగించేయొద్దు. గాలి ఆడకపోతే ఇంకు దిగదు.