డేటన్ ఎయిర్‌ఫోర్స్ మ్యూజియంకి అమ్మానాన్నల్ని తీసుకెళ్తుంటే

ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చారు, నయాగరా అయిపోయింది, గుళ్లు అయిపోయాయి, ఇంకేం చూపిస్తావన్నట్టు నాన్న సోఫాలో కూర్చుని మీ మొహం చూస్తున్నారు. మీరు ఒహాయోలోనో ఆ చుట్టుపక్కలో ఉంటే ఇంక ఆలోచించకండి, డేటన్ తీసుకెళ్లండి. అమెరికా వైమానిక దళం వాళ్ల జాతీయ మ్యూజియం అక్కడే ఉంది. కొలంబస్ నుంచి గంటంబావు, సిన్సినాటి నుంచి ఓ గంట. టికెట్ లేదు, పార్కింగ్‌కీ డబ్బులు లేవు. సినిమా, సిమ్యులేటర్ లాంటివాటికి మాత్రం విడిగా కట్టాలి, అవి లేకపోయినా రోజు గడిచిపోతుంది. థాంక్స్‌గివింగ్, క్రిస్మస్, న్యూ ఇయర్ తప్ప రోజూ పొద్దున 9 నుంచి సాయంత్రం 5 దాకా తెరిచే ఉంటుంది.

జీపీఎస్‌లో మ్యూజియం పేరే కొట్టండి. రైట్-ప్యాటర్సన్ అని పక్కనున్న వైమానిక స్థావరం పేరు మాత్రం కొడితే అసలు సైనిక స్థావరం గేటు దగ్గరికి పోయి, అక్కడ తుపాకీ పట్టుకున్న వాళ్లకి సంజాయిషీ చెప్పుకునే టెన్షన్ మనకెందుకు. మ్యూజియం గేటు వేరే, స్ప్రింగ్‌ఫీల్డ్ స్ట్రీట్ వైపు ఉంటుంది, బేస్ పాస్ అక్కర్లేదు.

లోపల నాలుగు పెద్ద పెద్ద హ్యాంగర్లు, విమానాలూ రాకెట్లూ క్షిపణులూ కలిపి 350కి పైనే. అన్నీ చూద్దాం అనుకున్నారంటే మధ్యాహ్నానికి మోకాళ్లు మొరాయిస్తాయి. వీల్‌చైర్లు ఊరికే ఇస్తారు, "నాకెందుకు, నేను నడవగలను" అని నాన్న అన్నా సరే ఒకటి తీసుకుని తోసుకుంటూ వెళ్లండి, రెండో హ్యాంగర్ దాటాక ఆయనే కూర్చుంటారు. నన్నడిగితే ముందు చివరనున్న నాలుగో బిల్డింగ్‌కి పోయి, అక్కణ్ణుంచి వెనక్కి చూసుకుంటూ రావాలి. ఓపిక ఉండగానే చూడాల్సినవి అక్కడున్నాయి. ధ్వనికి మూడు రెట్ల వేగంతో ఎగిరిన ఎక్స్‌బీ-70 అనే ప్రయోగాత్మక బాంబర్ ఉంది, చేసిందే రెండు, ఒకటి 1966లో గాల్లో ఢీకొని కూలిపోయింది, మిగిలింది ఇదొక్కటే. అమెరికా అధ్యక్షుడు కెనెడీ ప్రయాణించిన విమానంలోకి ఎక్కి నడవచ్చు. 1963 నవంబరు 22న ఆయన్ని కాల్చి చంపాక శవపేటికని అందులోనే తీసుకొచ్చారు. దానికి చోటు కోసం వెనక సీట్లు పీకి, అడ్డుగోడ కొంత కోసేశారు. ఉపాధ్యక్షుడు జాన్సన్ కొత్త అధ్యక్షుడిగా ప్రమాణం చేసిందీ ఆ విమానంలోనే. లోపల దారి మరీ ఇరుకు, కాస్త బొద్దుగా ఉన్నవాళ్లు పక్కకి తిరిగి నడవాలి, మా అమ్మ గుమ్మం దగ్గరే దణ్ణం పెట్టి వెనక్కి వచ్చేసింది.

ఇక అసలు విషయం వాలంటీర్లు. ఈ మాట అంటే ఆంధ్రావాళ్లకి 2024 దాకా ఇంటికి పింఛను తెచ్చిచ్చిన అబ్బాయి గుర్తొస్తాడు, మా నాన్నకీ అంతే. ఇక్కడ వాలంటీర్లలో ఎక్కువమంది రిటైరైన పెద్దవాళ్లు, ఒకప్పుడు ఇవే విమానాల్ని నడిపినవాళ్లో బాగుచేసినవాళ్లో కూడా తగులుతారు. జీతం ఉండదు. వాళ్లు తిప్పి చూపించే టూర్లు కూడా ఉచితమే, కాకపోతే ఆ వేళలు మారుతుంటాయి కాబట్టి బయల్దేరే ముందు వెబ్‌సైట్‌లో చూసుకోండి. టిప్ ఇవ్వబోకండి, బాగుండదు. ఇవ్వాలనిపిస్తే విరాళాల డబ్బా ఉంది.

వాళ్లని కదిలించడానికి ఒక పద్ధతి ఉంది. "దీని స్పీడెంత, ఎన్ని బాంబులు పడతాయి" అని అడిగితే బోర్డు మీద రాసిందే చెప్తారు, అది మనమే చదువుకోవచ్చు. "మీరు దేని మీద పనిచేశారు?" అని మొదలుపెట్టి, ఏదో ఒక్క వస్తువు వేలితో చూపించి "ఇదెందుకు ఇలా ఉంది" అని అడగండి. ఎంతమందిని చంపారు లాంటివి వద్దు. మెల్లగా, ఎదురుగా నిలబడి మాట్లాడండి, వాళ్లలో చాలామందికి చెవి సరిగ్గా వినపడదు. ఆ రకంగా మన నాన్నల ఆగాగి మాట్లాడే ఇంగ్లిష్ వాళ్లకి సరిగ్గా సరిపోతుంది.

మా నాన్న ఆర్టీసీ డిపోలో మెకానిక్‌గా రిటైరయ్యారు. మూడో బిల్డింగ్‌లో బీ-36 అనే భారీ బాంబర్ దగ్గర ఆగిపోయారు, ఫ్యాన్లు రెక్కల వెనక వైపు ఉన్నాయేంట్రా అని. అక్కడున్న తాతగారిని అడగమన్నాను. ఆయన విమానాన్ని వెనక నుంచి తోసే ప్రొపెల్లర్ సంగతి చేతులతో చూపించి, ఒక్కో ఇంజనుకి 28 సిలిండర్లు, సిలిండర్‌కి రెండు స్పార్క్ ప్లగ్గులు, అలాంటి ఇంజన్లు ఆరు అన్నారు. నాన్న వేళ్ల మీద లెక్కేసి 336 అని, "డీజిల్ బళ్లు చేసి బతికిపోయాం, మాకు ప్లగ్గులే లేవు" అన్నారు. నేను తర్జుమా చేసేలోపే తాతగారికి సగం అర్థమై నవ్వుతున్నారు. ఆ తర్వాత నలభై నిమిషాలు నేను అక్కడ లేనట్టే లెక్క. వేరే విమానం కింద పెట్టిన ఆయిల్ ట్రే చూపించి నాన్న కనుబొమ్మలెగరేస్తే, కారకపోతే లోపల ఆయిల్ అయిపోయినట్టే అని ఆయన జోకు. మిగ్-21 దగ్గర మాత్రం చెప్పేవాళ్లు తారుమారయ్యారు. మనవాళ్లు దాన్ని 1963 నుంచి 2025 సెప్టెంబరు దాకా నడిపారని నాన్న చెబితే తాతగారు రెండుసార్లు అడిగి మరీ విన్నారు.

పిల్లలుంటే రెండో బిల్డింగ్‌లో మిగ్-15 కథ చెప్పమనండి. 1953లో ఉత్తర కొరియా పైలట్ ఒకతను దాన్ని ఎత్తుకొచ్చి దక్షిణ కొరియాలో అమెరికన్ల రన్‌వే మీద దింపేశాడు, లక్ష డాలర్ల బహుమతి ఉందని అప్పటికి అతనికి తెలీదట. ఆ విమానమే ఇది. నాగసాకి మీద బాంబు వేసిన బాక్స్‌కార్ మొదటి బిల్డింగ్‌లో ఉంది. అక్కడ మాత్రం పిల్లల్ని అరవనివ్వకండి.

తిండి సంగతి: లోపల కెఫే ఉంది కానీ శాకాహారులు ఫ్రెంచ్ ఫ్రైస్‌తో సరిపెట్టుకోవాల్సి రావచ్చు, పులిహోర డబ్బా కార్లో పెట్టుకోండి. హ్యాంగర్లలో చల్లగా, కాస్త చీకటిగా ఉంటుంది, వేసవైనా అమ్మకి స్వెటర్ ఉండాలి. నాలుగున్నరకల్లా గుమ్మం వైపు కదలండి, లేకపోతే గిఫ్ట్ షాపులో పిల్లలతో గొడవ.

మేం బయటికొచ్చి కారు దగ్గరికి చేరాక, ఎక్కే ముందు నాన్న ఒంగి నా కారు కింద చూశారు.