జన్యువుల లెక్క, 5వ పాఠం: చంపే జన్యువు తరతరాలుగా ఎలా మిగిలింది?

పోయిన పాఠంలో, అమ్మానాన్నల జన్యువులు బిడ్డలో ఎలా జతపడతాయో చూపే నాలుగు గళ్ల పట్టీ గీశాం. అది ఒక ఇంటికి సరిపోతుంది. ఈసారి ఊరంతటికీ లెక్క వేద్దాం. నోటుబుక్కు, పెన్ను దగ్గర పెట్టుకోండి. చదువుతూ పోతే ఇది రాదు, అంకెలు మీ చేత్తో వేయాల్సిందే.

సికిల్ సెల్ అనే వంశపారంపర్య రక్తజబ్బు తీసుకుందాం. రక్తంలో ఆక్సిజన్ మోసే ప్రొటీను హిమోగ్లోబిన్. దాని బీటా గొలుసు ఆరో స్థానంలో గ్లుటామిక్ ఆమ్లం బదులు వేలిన్ వచ్చింది, మార్పు అంతే. అమ్మ నుంచి ఒకటి, నాన్న నుంచి ఒకటి వచ్చే ఈ జన్యువు కాపీలు రెండూ ఇలాంటివే అయితే ఎర్రకణాలు కొడవలిలా వంగి సన్నని రక్తనాళాల్లో ఇరుక్కుంటాయి. ఒకే కాపీ ఉన్నవాళ్లు దాదాపు మామూలుగానే ఉంటారు. పైగా మలేరియాల్లో ప్రమాదకరమైన రకం, ఫాల్సిపారం, ముదిరి ప్రాణం తీసే ప్రమాదం వాళ్లకు బాగా తక్కువ. ఈ రక్షణను ఆంథొనీ అల్లిసన్ అనే శాస్త్రవేత్త తూర్పు ఆఫ్రికాలో గమనించి 1954లో ప్రకటించాడు.

మామూలు కాపీని 'మ' అని, కొడవలి కాపీని 'క' అని రాసుకోండి. మందుల్లేని కాలం, దోమలు ముసిరే ఊరు. వంద కాపీల్లో పది 'క'. వెయ్యిమంది పిల్లలు పుట్టారు. ఒక్కో కాపీ 'క' అయ్యే అవకాశం 0.1, 'మ' అయ్యే అవకాశం 0.9. 'క' అమ్మ నుంచైనా, నాన్న నుంచైనా రావచ్చు కాబట్టి మకలో రెండుతో గుణిస్తాం.

కక: 0.1 × 0.1 × 1000 = 10
మక: 2 × 0.9 × 0.1 × 1000 = 180
మమ: 0.9 × 0.9 × 1000 = 810

మమ పిల్లల్లో నూటికి 10 మందిని మలేరియా, కక పిల్లల్లో నూటికి 90 మందిని సికిల్ సెల్ తీసుకుపోతాయనుకుందాం. (ఈ రెండంకెలూ అభ్యాసం కోసం నేను పెట్టినవే.) పెద్దయ్యేది 729 మంది మమ, 180 మంది మక, ఒక్క కక. మొత్తం 910 మంది, 1820 కాపీలు. అందులో 'క'లు 180 + 2 = 182. మళ్లీ సరిగ్గా పది శాతం!

పదిమందిలో తొమ్మిదిమందిని మింగే జన్యువు తగ్గకపోవడమేమిటి? పోయిన కాపీలు లెక్కపెట్టండి. 200 'క'ల్లో 18 పోయాయి. 1800 'మ'ల్లో 162 పోయాయి. రెండు వైపులా నష్టం నూటికి తొమ్మిదే. ఈ పాఠంలో గట్టిగా పట్టుకోవాల్సింది ఈ సమానత్వాన్నే. ఒక జన్యువు మంచిదా చెడ్డదా అని విడిగా అడిగితే జవాబు లేదు; ఏ జబ్బున్న చోట అని కూడా అడగాలి.

ఇప్పుడు మన సీమ సంగతి. పై లెక్కలో పెళ్లిళ్లు చుట్టరికంతో పనిలేకుండా జరుగుతాయని అనుకున్నాం. కర్నూలు, అనంతపురం, కడపల్లో ఆ మాట ఎవరు నమ్ముతారు? మేనమామ కూతుర్నో మేనత్త కూతుర్నో చేసుకుంటే, ఆ దంపతుల బిడ్డకు ఒకే పూర్వీకుల కాపీ రెండు వైపుల నుంచీ వచ్చే అవకాశం 16లో 1. అక్క కూతుర్ని చేసుకుంటే 8లో 1. ఆ భిన్నాన్ని 0.9 × 0.1తో గుణించి 0.01కి కలపండి. వెయ్యిమందిలో కక పిల్లలు 10 నుంచి మేనరికంలో సుమారు 16కి, అక్క కూతురి విషయంలో 21కి పెరుగుతారు. పుట్టేటప్పుడు ఊళ్లో 'క' శాతం మారలేదు, జతపడే తీరు మారింది. మన దేశంలో సికిల్ సెల్ ఎక్కువగా గిరిజనుల్లో కనిపిస్తుంది గానీ, అలాగే రెండు కాపీలూ చెడితే వచ్చే మరో రక్తజబ్బు బీటా తలసీమియాకూ లెక్క వేసే పద్ధతి ఇదే. పెళ్లికి ముందు జాతకాల కంటే ఒక రక్తపరీక్ష మేలని నా అభిప్రాయం.

అభ్యాసం: మొదటి లెక్కలో మలేరియాను తీసేయండి. మమ పిల్లలందరూ బతుకుతారు, మిగతావి అవే. ఒక తరం తర్వాత 'క' ఎంత శాతం? దాదాపు 9.2 రావాలి. రాకపోతే 'కక'ల్లో బతికిన ఒక్కరికి రెండు కాపీలు వేశారో లేదో చూసుకోండి. రెండో తరం కూడా వేస్తే, జబ్బు పోయినా జన్యువు ఎంత నెమ్మదిగా తగ్గుతుందో తెలుస్తుంది.

వచ్చే పాఠం కలరా మీద. 1827లో పత్తికొండలో మద్రాసు గవర్నరు థామస్ మన్రో ప్రాణం తీసింది ఆ జబ్బే. ఓ గ్రూపు రక్తం ఉన్నవాళ్లలో అది మరింత తీవ్రమవుతుంది. ఈలోగా ఇంట్లో అందరి బ్లడ్ గ్రూపులూ రాసిపెట్టుకోండి, లెక్కకు అవే కావాలి.