గేర్ రాడ్ లొడలొడలాడుతోందా? షార్ట్ షిఫ్టర్ కొనే ముందు చూడాల్సినవి

గేరు పడిందో లేదో చేతికి తెలియడం లేదని కొందరు నేరుగా షార్ట్ షిఫ్టర్ కిట్ ఆర్డర్ పెట్టేస్తారు. ఈ కిట్ తగ్గించేది గేరు మార్చేటప్పుడు నాబ్ (రాడ్ పైనుండే పిడి) కదిలే దూరాన్నే. అరిగిన బుష్‌లో (కీళ్ల దగ్గరుండే రబ్బరు, ప్లాస్టిక్ తొడుగులో) ఉన్న వదులు ఎక్కడికీ పోదు.

లెక్క చూడండి. పివట్ (రాడ్ తిరిగే కీలు) నుంచి నాబ్ వరకు 200 మి.మీ., పివట్ నుంచి కింది కొసకు 40 మి.మీ. ఉందనుకుందాం. నిష్పత్తి 5. కింది కొస 15 మి.మీ. కదలాలంటే నాబ్ 75 మి.మీ. కదలాలి. కింది భాగాన్ని 50 మి.మీ.కి పెంచితే నిష్పత్తి 4, నాబ్ దూరం 60 మి.మీ. ఇప్పుడు రాడ్ కదలికను గేర్‌బాక్స్‌కు చేర్చే కేబుల్ కొసలో 1 మి.మీ. ప్లే (వదులు) ఉందనుకోండి. మునుపు నాబ్ దగ్గర 75లో 5 మి.మీ. వృథా, కిట్ వేశాక 60లో 4 మి.మీ. వృథా. రెండు చోట్లా పదిహేనో వంతే. పైగా చేతి బలం 25 శాతం ఎక్కువ పెట్టాలి. అందుకే ముందు వదులు తీయాలి, తర్వాత సెట్టింగ్ చూడాలి, దూరం సంగతి చివర్న.

ఇక్కడ చెప్పేది ఎక్కువగా స్విఫ్ట్, ఐ20, పోలో లాంటి కేబుల్ గేర్ల కార్లకు. మారుతి 800 లాంటి రాడ్ లింకేజీ (కేబుళ్లకు బదులు కడ్డీలు), జిప్సీ లాంటి నేరుగా గేర్‌బాక్స్‌లోకి దిగే రాడ్ గురించి అవసరమైన చోట విడిగా ఉంది.

ముందు చేయాల్సిన పరీక్ష

ఇంజిన్ ఆపి, హ్యాండ్ బ్రేక్ వేసి, చక్రాలకు అడ్డు పెట్టండి. బానెట్ ఎత్తి గేర్‌బాక్స్ మీద కేబుళ్లు తగులుకునే రెండు ఆర్మ్‌లను చూడండి. చాలా కార్లలో ఎయిర్ ఫిల్టర్ బాక్స్ తీస్తేగానీ అవి కనిపించవు. ఒకరు లోపల కూర్చుని రాడ్‌ను నెమ్మదిగా కదపాలి, ఒకరు ఆర్మ్‌ను చూడాలి. నాబ్ కదిలినా ఆర్మ్ కదలని దూరమంతా లింకేజీలో పోతున్నట్టే. తర్వాత కేబుల్ కొసను వేళ్లతో పట్టుకుని మళ్లీ కదపమనండి. బాల్ పిన్ (కొస తగులుకునే గుండ్రటి తల ఉన్న పిన్) మీద కొస ఊగితే కొస బుష్ పోయింది. కేబుల్ పైతొడుగే బ్రాకెట్‌లో ముందుకూ వెనక్కూ కదిలితే బ్రాకెట్ బుష్ పోయింది. రెండూ గట్టిగా ఉంటే తప్పు కన్సోల్ కింద, పివట్ బాల్ కూర్చునే ప్లాస్టిక్ కప్పులో ఉంటుంది. ఈ వరస తప్పించి అన్నీ కలిపి మార్చేస్తే ఏది పోయిందో ఎప్పటికీ తెలియదు.

లక్షణం: న్యూట్రల్‌లో రాడ్ ఊగుతోంది, గేరులో ఉన్నా ఊగుతోంది

న్యూట్రల్‌లో పక్కలకు కొంత కదలిక ఏ కారులోనైనా ఉంటుంది, వదిలితే స్ప్రింగ్ దాన్ని మూడు-నాలుగు గేర్ల వరసకు తెస్తుంది. గేరులో పెట్టాక కూడా అంతే ఊగుతుంటే అది అరుగుదల.

కేబుల్ కొసల్లోని రబ్బరు, ప్లాస్టిక్ ఇంజిన్ వేడికి పెళుసెక్కి పగులుతాయి. కొత్త బుష్ వేసే ముందు బాల్ పిన్‌ను తుడిచి గోటితో తడిమి చూడండి. ఒక పక్క చదునుగా అరిగి ఉంటే ఎంత మంచి బుష్ వేసినా కొద్ది వారాల్లో మళ్లీ మొదటికొస్తుంది, పిన్ ఉన్న ఆర్మ్ కూడా మార్చాలి.

ఏ పదార్థం? రోజూ తిరిగే బండికి కంపెనీ రబ్బరు, లేదా 80 నుంచి 95 షోర్-ఏ (రబ్బరు గట్టిదనం కొలమానం) ఉన్న పాలీయూరిథేన్ (పాలీ) చాలు. డెల్రిన్ అనే గట్టి ప్లాస్టిక్ తక్కువ రాపిడితో జారుతుంది, తేమ పెద్దగా పీల్చదు, కాబట్టి తిరిగే చోట అదే మేలు. మామూలు నైలాన్ తేమకు ఉబ్బుతుంది. ఎండాకాలంలో సరిగ్గా తిప్పించిన బుష్ వానాకాలంలో పట్టేయడానికి కారణం అదే. విజయవాడ ఆటోనగర్‌లోనో మరోచోటో లేత్ మీద ఇత్తడి బుష్ చేయించుకోవచ్చు, గట్టిగా ఉంటుంది. కానీ గ్రీజు ఆరిపోతే చప్పుడు చేస్తుంది, ఇంజిన్ వణుకంతా చేతికి తెస్తుంది. కదలని బ్రాకెట్ దగ్గర గట్టి లోహపు బుష్ పెట్టండి, తిరిగే కొసల దగ్గర డెల్రిన్ పెట్టండి. ఈ జోడీకి ఫిర్యాదులు తక్కువ.

బిగింపులో తరచూ జరిగే పొరపాటు ఒకటుంది. పాలీ బుష్ మధ్యలో ఉండే స్టీలు గొట్టం బుష్ వెడల్పు కంటే వెంట్రుకవాసి, అంటే 0.2 నుంచి 0.5 మి.మీ., పొడవుండాలి. బోల్టు బిగించాక ఒత్తిడి గొట్టం మీద పడాలి, బుష్ మీద కాదు. గొట్టం పొట్టిగా ఉంటే బుష్ నలిగి రాడ్ బిగుసుకుంటుంది, అప్పుడు బోల్టు వదులు చేసి సరిపెట్టుకోకండి, గొట్టం మార్చండి. బుష్‌లను సుత్తితో కొట్టొద్దు. పాలీ బుష్‌ను పది నిమిషాలు వేడినీళ్లలో ఉంచి, వైస్ మధ్య సాకెట్ పెట్టి నెట్టండి. రబ్బరుకూ పాలీకీ సిలికాన్ గ్రీజే వాడాలి, మామూలు పెట్రోలియం గ్రీజుకు సహజ రబ్బరు ఉబ్బిపోతుంది.

మారుతి 800 రకం రాడ్ లింకేజీలో కంట్రోల్ షాఫ్ట్ జాయింట్, ఎక్స్‌టెన్షన్ రాడ్ బుష్, రాడ్ అడుగున సీటు మూడూ కలిసి అరుగుతాయి. ఒకటే మారిస్తే తేడా తెలియదు, మూడూ ఒకేసారి మార్చండి. లోహానికి అతికి ఉండే రబ్బరు బుష్ బోల్టును బండి చక్రాల మీద నిలబడ్డాకే చివరి బిగింపు బిగించాలి. జాకీ మీద బిగిస్తే రబ్బరు మెలిపడి ఉండిపోయి త్వరగా చిరుగుతుంది.

జిప్సీ లాంటి వాటిలో పగిలేది నైలాన్ సీటు కప్పు. రాడ్ పైకి లాగగానే గేర్‌బాక్స్ నోట్లో శుభ్రమైన గుడ్డ కుక్కండి. చిన్న ముక్క ఏదైనా లోపల పడితే ఐదు నిమిషాల పని గేర్‌బాక్స్ దించే పనవుతుంది.

లక్షణం: ఉన్నట్టుండి రాడ్ తేలిపోయింది, ఏ గేరూ పడటం లేదు

కేబుల్ కొస పిన్ మీంచి ఊడింది. దాన్ని మళ్లీ నొక్కి, కేబుల్ టైతో కట్టి ఇంటికి చేరవచ్చు. నిలవకపోతే ఇంజిన్ ఆపి, గేర్‌బాక్స్ మీది ఆర్మ్‌ను చేత్తోనే రెండో గేరులోకి తోసి, క్లచ్ పూర్తిగా తొక్కి స్టార్ట్ చేసి, మెల్లగా దగ్గర్లోని మెకానిక్ దాకా వెళ్లండి.

లక్షణం: ఇంజిన్ ఆపితే గేర్లు సాఫీగా పడతాయి, స్టార్ట్ చేస్తే పడవు

షిఫ్టర్‌ను వదిలేయండి, ఇది క్లచ్. తొక్కిపట్టి నాలుగైదు సెకన్లు ఆగి రివర్స్ వేయండి. అప్పుడూ కిర్రుమంటే క్లచ్ పూర్తిగా విడిపోవడం లేదు. కేబుల్ క్లచ్ అయితే సెట్టింగ్, హైడ్రాలిక్ అయితే గాలి లేదా సిలిండర్ లీకు.

లక్షణం: రాడ్ బరువుగా, పట్టిపట్టి కదులుతోంది

కేబుల్ రెండు కొసలూ విప్పి చేత్తో లాగి చూడండి. ఎక్కడైనా పట్టేస్తే లోపల నీరు చేరి తుప్పు పట్టింది, కేబుల్ మార్చాలి. ఇంజిన్ ఆయిల్ పోస్తే కొన్నాళ్లు బాగుంటుంది, తర్వాత దుమ్ము పట్టి ఇంకా బిగుస్తుంది. కేబుల్ బాగుండి, ఉదయం చల్లగా ఉన్నప్పుడే ఇబ్బందైతే గేర్ ఆయిల్ గ్రేడ్ చూడండి. మాన్యువల్‌లో జీఎల్-4 (గేర్ ఆయిల్ రకం) అని ఉంటే "జీఎల్-5 ఇంకా మంచిది" అన్న మాట నమ్మొద్దు. అందులోని గంధకం-భాస్వరం కలిపిన పదార్థాలు ఇత్తడి సింక్రో రింగులకు (గేరు పడే ముందు వేగాలు కలిపే రింగులకు) పడకపోవచ్చు.

లక్షణం: యాక్సిలరేటర్ తొక్కి వదిలినప్పుడు రాడ్ ముందుకూ వెనక్కూ దూకుతోంది

ఇంజిన్ మౌంటింగ్, ముఖ్యంగా కింద ఇంజిన్ ఊగకుండా పట్టే టార్క్ రాడ్ బుష్ పోయింది. గేర్లు ఊడి న్యూట్రల్‌కు రావడం కూడా దీనివల్ల జరుగుతుంది. ఒక్క గేరే ఊడుతుంటే మాత్రం లోపం గేర్‌బాక్స్ లోపలిది.

అన్నీ గట్టిగా ఉన్నాయి, దూరమే ఎక్కువనిపిస్తోంది

ఇప్పుడు కిట్ చూడవచ్చు. "40 శాతం తక్కువ" అన్న ప్రకటన కంటే అది దేన్ని మారుస్తోందో అడగండి. పై భాగం కురచ చేసేది ఒక రకం: ముందూ వెనకా, పక్కలకూ దూరం తగ్గుతుంది, కానీ నాబ్ స్టీరింగ్‌కు దూరంగా కిందికి పోతుంది. గేర్‌బాక్స్ మీది ఆర్మ్‌ను మార్చేది ఇంకో రకం: చాలా కిట్లలో ముందూ వెనకా దూరమే తగ్గి, పక్క వరసలు అలాగే ఉంటాయి. రెండు నుంచి మూడుకు వెళ్లేటప్పుడు కొన్ని రోజులు చెయ్యి తడబడుతుంది. పై భాగం కురచ చేసి, కింది భాగం పెంచితే పై లెక్కలో 160కి 50, నిష్పత్తి 3.2. దూరం 36 శాతం తగ్గుతుంది, బలం 56 శాతం పెరుగుతుంది. నగరం ట్రాఫిక్‌లో తిరిగే బండికి 20-25 శాతం దాటొద్దు. ఆర్మ్ మీద బరువు దిమ్మ ఉంటే, కిట్‌తో వచ్చే ఆర్మ్‌కూ అలాంటిదే ఉందో లేదో చూడండి. గేరు సాఫీగా జారడానికి కంపెనీ పెట్టిందది. నాబ్ కూడా మారుస్తుంటే మర కొలత చూసుకోండి: హోండాకు ఎం10×1.5 (10 మి.మీ. వ్యాసం, మరల మధ్య దూరం 1.5 మి.మీ.), టొయోటాకు ఎం12×1.25.

కిట్ వేశాక వచ్చే తిప్పలు

ఐదో గేరు లేదా రివర్స్ దొరకదు: కేబుళ్లు మళ్లీ సెట్ చేయలేదు. పోలోలోని ఎంక్యూ200 గేర్‌బాక్స్‌లో కేబుల్ లాక్ కాలర్లు వదులు చేసి, సెలెక్టర్ షాఫ్ట్‌ను నొక్కి వంపు లివర్‌తో లాక్ చేయాలి. లోపల రాడ్‌ను న్యూట్రల్‌లో 4.5 మి.మీ. పిన్‌తో నిలపాలి, ఆ కొలత డ్రిల్ బిట్ కూడా పనిచేస్తుంది. తర్వాత కాలర్లను మళ్లీ లాక్ చేసి, వంపు లివర్‌ను వెనక్కి తిప్పి, పిన్ తీసి, అన్ని గేర్లూ వేసి చూడాలి.

గేరు ఊడుతుంది: రాడ్ కన్సోల్‌కో, బూట్ (రాడ్ చుట్టూ ఉండే తొడుగు) ఫ్రేముకో తగిలి పూర్తిగా లోపలికి వెళ్లడం లేదు. ట్రిమ్ తీసి ప్రతి గేరులోనూ చుట్టూ కనీసం 5 మి.మీ. ఖాళీ ఉందో చూడండి. కింది భాగం పొడవైన కిట్ అయితే అడుగున హీట్ షీల్డ్‌కు తగలొచ్చు, అదీ చూడండి.

రెండో గేరు కిర్రుమంటుంది: దూరం తగ్గిన కొద్దీ చెయ్యి వేగం పెరుగుతుంది, సింక్రోకు వేగాలు కలపడానికి సమయం చాలదు. అప్పటికే అరిగిన సింక్రో అయితే ఇప్పుడు బయటపడుతుంది. నాబ్ మీద ఒత్తిడి పెట్టి, అది దానంతట లోపలికి వెళ్లేదాకా ఆగి చూడండి. అలా చేసినా చప్పుడొస్తే పాత ఆర్మ్ తిరిగి పెట్టి పరీక్షించండి. అప్పుడూ అంతే అయితే గేర్‌బాక్స్ విప్పించాల్సిందే.

రాడ్ జుమ్మంటుంది: కిట్ రాడ్‌లో కంపెనీది లాగా మధ్యలో రబ్బరు ఉండదు. 300 గ్రాముల దాకా బరువున్న నాబ్ కొంత అణచుతుంది. అది చాలకపోతే బేస్ ప్లేట్ కింద పెట్టిన లోహపు బుష్‌ల స్థానంలో పాలీవి వేయండి.