లెక్కల సాఫ్ట్‌వేర్‌కు పాత ప్రోగ్రామింగ్ భాషను ఎలా ఎంచుకోవాలి

వరంగల్ ఎనుమాముల మార్కెట్‌లోని అడ్తి వ్యాపారి ఒకరు తన దుకాణానికి లెక్కల సాఫ్ట్‌వేర్ రాసిపెట్టమని మిమ్మల్ని అడిగారనుకోండి. ఏ భాషలో రాయాలో నిర్ణయించే ముందు, ఆ ప్రోగ్రాం ఎన్నేళ్లు నడవాలో, మీరు ఊళ్లో లేని రోజు దాన్ని ఎవరు సరిచేస్తారో తేల్చుకోండి. అనుభవమున్న డెవలపర్లు 1995లో వచ్చిన జావా, పీహెచ్‌పీల వైపే ఇప్పటికీ మొగ్గడానికి ప్రధాన కారణం ఇదేనని నా అభిప్రాయం. జావా తెలిసిన మనిషి హన్మకొండలోనే దొరుకుతారు. నిన్నగాక మొన్న వచ్చిన భాష తెలిసినవారి కోసం హైదరాబాద్ దాకా వెతకాల్సి రావచ్చు.

తరువాత డబ్బు లెక్కను పరీక్షించండి. తక్‌పట్టీలో, అంటే అడ్తి వ్యాపారి రైతుకు ఇచ్చే లెక్క చీటీలో, పత్తి 7 క్వింటాళ్ల 35 కిలోలు, క్వింటాలు ధర 7,120 రూపాయలు అని ఉంటే మొత్తం 52,332 రూపాయలు రావాలి, అందులోంచి హమాలీ వంటి ఖర్చులు పైసాతో సహా సరిగ్గా తెగాలి. కంప్యూటర్ ఫ్లోట్ సంఖ్యలను (దశాంశ బిందువున్న సంఖ్యలను) ద్విసంఖ్యామానంలో, అంటే 0, 1 అంకెలతోనే, దాచుకుంటుంది కనుక చాలా భాషల్లో 0.1కి 0.2 కలిపితే 0.30000000000000004 వస్తుంది, రైతు చేతికిచ్చే కాగితంలో ఇలాంటి తేడాకు చోటివ్వకూడదు. 1959లో రూపకల్పన మొదలైన కోబాల్‌లో దశాంశ లెక్క భాషలోనే భాగం, బ్యాంకులు దాన్ని వదలకపోవడానికి ఇదొక కారణం. దశాంశ లెక్కను సరిగ్గా చేసే సాధనాలు, జావాలో బిగ్‌డెసిమల్, పైథాన్‌లో డెసిమల్, భాషతో పాటే వస్తాయి. 2015లో 1.0 వెర్షన్ వచ్చిన రస్ట్‌లో మాత్రం బయటి లైబ్రరీ (ఇతరులు రాసిపెట్టిన కోడ్) తెచ్చుకోవాలి, లేదా మొత్తాలన్నిటినీ పైసల్లో పూర్ణసంఖ్యలుగా రాసుకోవాలి.

వయసు ఒక్కటే భరోసా కాదు. పైథాన్ 2కు మద్దతు 2020 జనవరి 1న ముగియడంతో ఎందరో తమ ప్రోగ్రాములను తిరగరాయవలసి వచ్చింది, కాబట్టి వెర్షన్ మారినప్పుడు పాత కోడ్ నడుస్తుందో లేదో ఆ భాష చరిత్రలో చూడండి. డేటా దాచడానికి సీ భాషలో రాసిన ఎస్‌క్యూలైట్ అనే డేటాబేస్ వాడుకోవచ్చు. దానికి 2050 దాకా మద్దతు ఇవ్వాలన్నది దాని రచయితల సంకల్పం. అయితే నెట్‌వర్క్ నుంచి వచ్చే డేటాను నేరుగా చదివే భాగాన్ని మీరే కొత్తగా సీలో రాయకండి. మెమొరీ హద్దు దాటే తప్పును ఆ భాష ఆపదు, అక్కడ రస్ట్ మేలు.

చివరగా, పై పరీక్షల్లో నెగ్గిన రెండు భాషలను ఎంచుకుని, ఒక్క తక్‌పట్టీ లెక్క వేసే ప్రోగ్రాంను ఆ రెండింటిలోనూ రాసి, హమాలీ రేటు మార్చే పనిని ఆ కోడ్ ఎన్నడూ చూడని మరొకరికి అప్పగించండి. వారు మిమ్మల్ని అడగకుండా ఏ భాషలో ఆ మార్పు పూర్తి చేయగలిగితే దాన్నే తీసుకోండి.