చెన్నై నుంచి గెడి శిథిలాలకు

కెన్యా తీరంలోని గెడి అనే పాత పట్టణం శిథిలాలు చూడాలనుకుంటే టికెట్ కన్నా ముందు ఎల్లో ఫీవర్ టీకా సంగతి చూసుకోండి. ప్రయాణానికి కనీసం 10 రోజుల ముందే వేయించుకోవాలి. నేను గిండీ కింగ్ ఇన్‌స్టిట్యూట్‌లో వేయించుకున్నాను. ఆ కార్డు పాస్‌పోర్టుతోనే ఉంచండి, తిరిగొచ్చేటప్పుడు మన ఎయిర్‌పోర్టులో చూపించాలి. ఈటీఏ, అంటే కెన్యాలోకి వెళ్లడానికి అనుమతి, ఆన్‌లైన్‌లో తీసుకోవచ్చు. ఏప్రిల్, మే నెలలు వద్దు, అక్కడ పెద్ద వానలు.

నైరోబి నుంచి మొంబాసాకి రైలుంది. అక్కడినుంచి మాలిందీ దారిలో సుమారు 100 కిలోమీటర్లు వెళ్తే గెడి.

ఎండ ముదరకముందే లోపలికి వెళ్లండి. దోమల మందు రాసుకోండి. అరటిపండ్లు చేతిలో పట్టుకోవద్దు, కోతులు ఊరుకోవు. ముందు 1399 నాటి సమాధి, తర్వాత పెద్ద మసీదు, రాజభవనం చూడండి. గోడలన్నీ పగడపు రాయి. దగ్గరగా వంగి చూస్తే ఆ రాతిలో సన్నటి చిల్లులు, తేనెపట్టులాగా. తడిమి చూడాలనిపిస్తుంది కానీ ముట్టుకోకండి, అరిగిపోతుంది.

ఇళ్లకి తవ్వకాల్లో దొరికిన వస్తువుల పేర్లే పెట్టారు: గవ్వల ఇల్లు, కత్తెర ఇల్లు, చైనా నాణెం ఇల్లు. ఇనుప దీపం ఇంటి దగ్గర మాత్రం తొందరపడకండి. ఆ దీపం మన దేశం నుంచి వెళ్లిందే. ఈశాన్య రుతుపవనాల గాలికి తెరచాప ఎత్తి, ఎవరో దాన్ని ఓడలో అంతదూరం పట్టుకెళ్లారు. అక్కడ నాకు మా అమ్మమ్మ గూట్లో పెట్టే దీపం గుర్తొచ్చింది, చాలాసేపు కదల్లేకపోయాను.