అమెరికా బానిసత్వ వివాదాన్ని అధ్యయనం చేయడం ఎలా?

అమెరికాలో బానిసత్వ వ్యతిరేక ఉద్యమాన్ని చదవదలచినవారు అంతర్యుద్ధం మొదలైన 1861 నుంచి కాక, 1820 నాటి పటం నుంచి ప్రారంభించాలి. బానిసత్వాన్ని నిషేధించే ఉత్తర భూభాగాలకూ, అనుమతించే దక్షిణ భూభాగాలకూ మధ్య ఆ ఏటి మిస్సోరీ ఒప్పందం హద్దుగా నిర్ణయించిన 36 డిగ్రీల 30 నిమిషాల అక్షాంశ రేఖను పటంపై పెన్సిలుతో గీసుకుంటే, కొత్త భూభాగాల్లో బానిసత్వాన్ని అనుమతించాలా వద్దా అన్న తగాదా ఎందుకు అంతగా ముదిరిందో తేటపడుతుంది.

1831లో బోస్టన్‌లో బానిసత్వ వ్యతిరేక ఉద్యమకారుడు విలియం లాయిడ్ గారిసన్ స్థాపించిన ‘లిబరేటర్’ పత్రికను తప్పక గుర్తించండి. అయితే 1838లో మేరీలాండ్ నుంచి తప్పించుకున్న ఫ్రెడరిక్ డగ్లస్ వంటి, బానిసత్వాన్ని స్వయంగా అనుభవించినవారి మాటలనే ముందుగా చదవాలి.

ఎక్కువ సమయాన్ని మాత్రం 1850 నాటి పరారీ బానిసల చట్టానికి కేటాయించండి. పట్టుబడిన మనిషిని యజమానికి అప్పగిస్తే, కేసు విచారించే కమిషనర్‌కు 10 డాలర్లు, విడిచిపెడితే 5 డాలర్లు ముట్టేవి. జ్యూరీ విచారణ ఉండేది కాదు, పట్టుబడినవారి సాక్ష్యం చెల్లేది కాదు. ఈ నిబంధన దగ్గర ఆగి ఆలోచించకుండా ముందుకు సాగడం ఆ మనుషులకు అన్యాయం చేయడమేనని నా నమ్మకం. 1854 జూన్ 2న ఈ చట్టం కింద పట్టుబడిన ఆంథనీ బర్న్స్‌ను తిరిగి బానిసత్వంలోకి పంపేందుకు సైనికుల కాపలా మధ్య ఓడ దగ్గరకు నడిపించినప్పుడు, బోస్టన్ వీధుల్లో భవనాలకు నల్లబట్టలు వేలాడాయి.

అంతకు మూడు రోజుల ముందే, మే 30న, ఆ 36 డిగ్రీల 30 నిమిషాల హద్దును రద్దు చేసిన కాన్సాస్–నెబ్రాస్కా చట్టంపై అధ్యక్షుడు సంతకం చేశాడు. ఇక్కడికి చేరాక, మీరు పటంపై గీసుకున్న పెన్సిలు గీతను చెరిపేయండి.